ఈ వారం సమస్య: "కథను చంపినవాడె పో కథకుడయ్యె"

ఈసారి తేటగీతి పాదం ఇస్తున్నాను: వరుసగా ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. మొదటి గణం "కథను", నాలుగోది "కథకు". ఈ రెండిటి మొదటి అక్షరాలు కలవడమే యతి, అది ఇక్కడే కుదిరిపోయింది. పై మూడు పాదాలు మీవి. ఒక్కటే షరతు: మీరు చదివిన కథలోంచో, చూసిన సినిమాలోంచో, రాసుకునే బతుకులోంచో పూరించాలి. అరసున్నలు పెట్టకపోయినా, వాడుక మాట ఒకటీ అరా పడినా అభ్యంతరం లేదు.

ఈ పాదం ఎలా వచ్చిందో చెప్తాను. పోయిన నెల ఒక కథ తిరగరాస్తున్నాను. అందులో మా అమ్మ రుబ్బురోలు దగ్గర కూర్చున్న పేరా ఒకటి ఉంది. తడి పిండి అంటిన ఆమె గాజుల గురించి నాలుగు వాక్యాలు. నాకు ప్రాణం ఆ పేరా. కథకు మాత్రం దానితో పనిలేదు. మూడు రోజులు పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను. చివరికి తీసేసిన రాత్రి నిద్ర పట్టక ఈ పాదం అనుకున్నాను.

గుంటూరు మాస్టారి పూరణ

పుటలు నలువది రాసెను పొంగిపోయి
మరల చదివి నిట్టూర్చెను మధ్యరాత్రి
నచ్చి దాచుకొన్నవి యెల్ల నరికివేసి
కథను చంపినవాడె పో కథకుడయ్యె

విజయనగరం అక్కయ్య: మాస్టారూ, మూడో పాదం చదివి కాసేపు ఆగిపోయాను. "నచ్చి దాచుకొన్నవి" అన్నారు చూశారా, రాసేవాళ్లకే తెలిసిన మాట అది. అయితే "రాసెను", "నిట్టూర్చెను" అని రెండుసార్లు వాక్యం ముగించేశారు. నాలుగో పాదంలోని "చంపినవాడు" వేరే మనిషిలా వినిపిస్తున్నాడు. క్రియలు ముగియకుండా ఒకదాన్నొకటి పట్టుకుని రావాలి. ఇలా మారిస్తే?

పుటలు నలువది రాసియు పొంగిపోక
మరల చదివి నిట్టూర్చుచు మధ్యరాత్రి

ఇంకో మాట. తిరగరాయడమంటే కోయడమేనా? మా ఊరి గురజాడను తలచుకోకుండా ఉండలేను. 1897లో అచ్చయిన కన్యాశుల్కం ఐదు అంకాలు. 1909 నాటికి అదే నాటకం ఏడు అంకాలయింది, దాదాపు కొత్తగా రాసినట్టే. మొదటిదాన్ని చంపాడు, రెండోది ఇంకా పెద్దదై లేచింది. ఇప్పుడు మనం చదువుకునేది ఆ రెండోదే.

గుంటూరు మాస్టారు: సవరణ శిరోధార్యం. "పొంగిపోయి" ఉన్నప్పుడు అతను పొరపాటు తెలుసుకున్నవాడు. "పొంగిపోక" అనగానే మొదటి నుంచీ తెలివిడి ఉన్నవాడయ్యాడు. ఒక్క అక్షరంతో మనిషే మారిపోయాడు.

హైదరాబాదు నుంచి, సినిమా స్క్రిప్టులు రాసే మిత్రుడి పూరణ

పక్కదారుల వెంటనే పరుగులిడక
తెరను కాసంత నవ్వులు తెచ్చిపెట్టి
కన్నతల్లి కన్నీటిని కప్పిన యుప-
కథను చంపినవాడె పో కథకుడయ్యె

ఇది నా అనుభవమే. ఒక తల్లి కథ రాశాం. సెకండాఫ్‌లో ఆమె ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంటుంది. అక్కడ కామెడీ ట్రాక్ పడాలన్నారు. రాశాను, నవ్వులు బాగానే పండాయి. ఎడిటింగ్‌లో చూస్తే ఆ తల్లి ఎందుకు కూర్చుందో నాకే గుర్తు లేదు. ఆ ట్రాక్ మొత్తం తీసెయ్యమని దర్శకుణ్ణి నేనే బతిమాలాను.

నిర్వాహకుడు: ఈ వారం విరుపంటే ఇదే. "యుప" మూడో పాదం చివర ఉండిపోయి, నాలుగోది "కథను" అని మొదలైంది. "కప్పి", "నయుప" రెండూ సూర్యగణాలే కాబట్టి ఎక్కడా బలవంతం లేదు. సమస్యలో ఇచ్చిన చిక్కు ముడి విప్పకుండానే జారిపోయింది. "కాసంత" అనే మాట పద్యంలో ఇంత హాయిగా కూర్చోవడం నాకు మరీ ఇష్టమైంది.

హ్యూస్టన్ మిత్రుడి పూరణ

పాండవులు లేరు తెరమీద భారతాన
వ్యాసముని రాయనట్టి యీ వలపుగాథ
మూలమును దాటి మనసున ముద్రవేసె
కథను చంపినవాడె పో కథకుడయ్యె

నిర్వాహకుడు: మాయాబజార్ అని పేరు చెప్పకుండానే అందరికీ తెలిసేలా రాశారు. ధార బాగుంది. వ్యాసముని, వలపుగాథ యతి చక్కగా పడింది. కానీ పూరణ ఒప్పుకోలేకపోతున్నాను. వ్యాసుడి భారతంలో శశిరేఖే లేదు, అభిమన్యుడి భార్య ఉత్తర. లేని కథను ఎవరు చంపుతారు? పైగా సినిమా రాకముందే సురభి వాళ్ల నాటకాల్లో జనం చూసి మురిసిన కథ ఇది. 1957లో కె.వి. రెడ్డి, పింగళి నాగేంద్రరావు చేసింది చంపడం కాదు, పెంచడం. ప్రియదర్శిని పెట్టెనే తీసుకోండి. మూత తీస్తే బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు, కృష్ణుడికి శకుని. ఒక్క పెట్టెతో ఆ ఇంట్లో ఎవరి మనసు ఎక్కడుందో చెప్పేశారు. మీరు మెచ్చుకున్న పనికీ, "చంపిన" అన్న మాటకూ పొత్తు కుదరలేదు. పాండవులను తెర మీదికి రానివ్వకపోవడమే ఆ చంపడం అనుకుంటే, మొదటి పాదంలోని ఆ మాటనే మూడో పాదం దాకా లాగి మరోసారి ప్రయత్నించండి. అందులో మంచి పద్యం ఉంది.

కొత్త సభ్యురాలి పూరణ

రాక్షసుడు తలుపు తట్టెను రాత్రివేళ
తాత "మిగతాది రేపురా తండ్రి" యనుచు
దీపమార్పె, మేల్కొంటిని తెల్లవార్లు
కథను చంపినవాడె పో కథకుడయ్యె

ఇదే నా మొదటి తేటగీతి. తప్పులుంటే చెప్పండి, పంపే ముందు చాలా టెన్షన్ పడ్డాను.

విజయనగరం అక్కయ్య: తప్పు ఒక్కటే, అమ్మా. మొదటి పాదంలో "రాక్ష", "సుడు తలు" సరిపోయాయి. తర్వాత "పు తట్టెను" ఇంద్రగణం కాదు, గణభంగం. "తలుపును దట్ట" అనండి. "పును దట్ట" సలం అనే ఇంద్రగణం అవుతుంది. వాక్యం కూడా తెగకుండా తాత దగ్గరికి వస్తుంది:

రాక్షసుడు తలుపును దట్ట రాత్రివేళ

"రేపురా తండ్రి" మాత్రం ఎవరు చెప్పినా మార్చకండి. మా తాతయ్యా అలాగే అనేవాడు.

నిర్వాహకుడు: ఈ వారం నా ఓటు దీనికే. చంపడమంటే కథను సరైన చోట ఆపడమని చూపించారు. ఒక్కటి అడగాలనుంది. మర్నాడు తాతయ్య మిగతాది చెప్పాడా?

కొత్త సభ్యురాలు: చెప్పాడండీ. ఏం చెప్పాడో గుర్తు లేదు. దుప్పట్లో పడుకుని నేను అల్లుకున్నది మాత్రం ఇప్పటికీ గుర్తుంది. అందులో తలుపు తీసింది నేనే.