స్టేట్ రిప్రజెంటేటివ్ పంపే స్ప్రింగ్ న్యూస్‌లెటర్: ఎవరైనా చదువుతారా?

కొత్తిల్లు_పీఏ:
అందరికీ నమస్తే. పెన్సిల్వేనియాలో ఇల్లు కొన్నాక పోస్టులో నిగనిగలాడే నాలుగు పేజీల కాగితం ఒకటి వచ్చింది. పైన మా ఏరియా స్టేట్ రిప్రజెంటేటివ్ ఫొటో. లోపల హౌస్ (స్టేట్ చట్టసభ) బిల్లుల నంబర్లు, బడ్జెట్ మీద ఒక పేరా, పాత కాగితాలు ముక్కలు చేసిచ్చే ష్రెడ్డింగ్ డే, ఏదో రిబేటు ఫారం సంగతి, ఫైర్ కంపెనీకి (ఊరి అగ్నిమాపక దళానికి) వచ్చిన గ్రాంటు. నాది హెచ్‌-1బి, ఓటు లేదు. మరి నాకెందుకు పంపినట్టు? వీళ్లతో మనకు పనేమైనా ఉంటుందా, లేక రీసైక్లింగ్ డబ్బాలో వేసేయడమేనా? గ్రీన్ కార్డు బ్యాక్‌లాగ్ గురించి రాస్తే ఏమైనా కదులుతుందా?

ఎడిసన్_అక్క:
తమ్ముడూ, గ్రీన్ కార్డు వీళ్ల చేతిలో లేదు. మన లెక్కలో వీళ్లు ఎమ్మెల్యేలు, డీసీలో కూర్చునేవాళ్లు ఎంపీలు అనుకో. ఇమ్మిగ్రేషన్, పాస్‌పోర్టు, ఐఆర్ఎస్ (ఫెడరల్ టాక్సు) అయితే కాంగ్రెస్ మెంబర్ ఆఫీసుకి వెళ్లాలి. డ్రైవింగ్ లైసెన్సు, స్టేట్ టాక్సు, స్కూళ్ల నిధులు, అన్‌ఎంప్లాయ్‌మెంట్, నర్సులకీ ఫార్మసిస్టులకీ ఇచ్చే లైసెన్సులు వీళ్ల పరిధి. ఓటు లేకపోయినా నువ్వు ఆ డిస్ట్రిక్ట్ మనిషివే. నేను ఫోన్ చేసినప్పుడు అడిగింది ఇంటి అడ్రసే, వీసా ఏమిటని కాదు.
మా న్యూజెర్సీలో 40 డిస్ట్రిక్టులు, ఒక్కోదానికి ఒక సెనేటర్, ఇద్దరు అసెంబ్లీ మెంబర్లు. అంటే ఇంటికి మూడు ఉత్తరాలు! 2025 జూన్ నుంచి కరెంటు బిల్లులు 17 నుంచి 20 శాతం దాకా పెరిగాయి కదా, అప్పుడు ఎవరి న్యూస్‌లెటర్ తెరిచినా అదే గోల. తప్పెవరిదన్నది పార్టీని బట్టి మారింది. నేను ఆ భాగం వదిలేసి, బిల్లు కట్టలేనివాళ్లకు ఏ సాయం ఉంది, ఎక్కడ అప్లై చేయాలి అన్నది మాత్రం చదువుతాను.

హారిస్‌బర్గ్_పక్కనే:
మీ రాష్ట్రమే అండి నాది కూడా. ఆ రిబేటు ఫారం సంగతి తేలిగ్గా తీసుకోకండి. ప్రాపర్టీ టాక్స్/రెంట్ రిబేట్ అని 65 దాటినవాళ్లకు, 50 దాటిన వితంతువులకు, వైకల్యం ఉన్న పెద్దలకు ఇస్తారు. 2023లో చట్టం మార్చి గరిష్ఠ రిబేటును 650 నుంచి 1,000 డాలర్లకు, ఆదాయ పరిమితిని 45,000కు పెంచారు. ఆ పరిమితి ఆ తర్వాత ధరలతో పాటు ఏటా కొంచెం పెరుగుతోంది. సోషల్ సెక్యూరిటీలో సగం లెక్కలోకి రాదు. మామూలుగా గడువు జూన్ 30. రిప్రజెంటేటివ్ ఆఫీసుకి కాగితాలు పట్టుకెళితే వాళ్లే నింపి పెడతారు, పైసా తీసుకోరు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు మాత్రం ఇది కాదు, ముందే చెబుతున్నా. గ్రీన్ కార్డు మీద ఇక్కడే స్థిరపడిన పెద్దవాళ్లుంటే అడిగి చూడండి.
ష్రెడ్డింగ్ డేకి కూడా వెళ్లండి. పాత ఐ-797 (వీసా అప్రూవల్ నోటీసు) జిరాక్సులు, టాక్సు కాగితాలు ఇంట్లో పేరుకుపోతాయి మనకి.

రెడ్‌మండ్_రామబాణం:
వాషింగ్టన్ స్టేట్ నుంచి. బిల్లుల భాగం ఎలా చదవాలో చెప్తా బ్రో, ఎందుకంటే మోసపోయేది అక్కడే. "నేను ఫలానా బిల్లు ప్రవేశపెట్టాను" అంటే అది చట్టం అయినట్టు కాదు. కమిటీలో హియరింగ్ కూడా రాకుండా పోయేవే ఎక్కువ. "స్పాన్సర్" అన్న ముక్క చూసి పొంగిపోవద్దు, ఇరవై మంది సంతకాల్లో అదొకటి కావచ్చు. ప్రైమ్ స్పాన్సర్, అంటే బిల్లు అసలు తెచ్చింది ఎవరో చూడు. బిల్లు నంబరు పట్టుకుని లెజిస్లేచర్ సైట్‌లో కొడితే ఏ కమిటీలో ఉందో, ఏ సభ దాటిందో, గవర్నర్ సంతకం అయిందో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. న్యూస్‌లెటర్ ప్రింటయ్యే నాటికే కథ మారిపోయి ఉంటుంది చాలాసార్లు.
మాకు బేసి సంవత్సరాల్లో 105 రోజులు, సరి సంవత్సరాల్లో 60 రోజులే సెషన్. ఫలానా తేదీకి కమిటీ దాటకపోతే బిల్లు దాదాపు పోయినట్టే, దాన్ని కటాఫ్ అంటారు. 2025లో హౌస్ బిల్ 1217 చివరిదాకా సాగి మేలో సంతకమైంది. అద్దె ఏడాదికి 7 శాతం ప్లస్ ద్రవ్యోల్బణం, లేదా 10 శాతం, ఏది తక్కువైతే అంతకు మించి పెంచకూడదు. అపార్ట్‌మెంట్లో ఉండే మనవాళ్లలో ఆ సంగతి తెలియనివాళ్లు ఇంకా ఉన్నారు!
ఇంకోటి. ఇక్కడ హియరింగ్‌లో ఇంటి నుంచే మాట్లాడొచ్చు. మాట్లాడే ఓపిక లేకపోతే అనుకూలం, వ్యతిరేకం అని పేరు నమోదు చేస్తే చాలు, మొదలవడానికి గంట ముందు దాకా టైముంటుంది. సిటిజన్ కానక్కర్లేదు.

ఫ్రిస్కో_బావ:
మా టెక్సాస్‌లో రెగ్యులర్ సెషన్ బేసి సంవత్సరాల్లోనే, 140 రోజులు. సరి సంవత్సరం వసంతంలో వచ్చే అప్‌డేట్‌లో కొత్త బిల్లులుండవు, పోయినసారి ఏం సాధించామో చెప్పుకోవడమే. అయినా నేను చూస్తా, ప్రాపర్టీ టాక్స్ కోసం. స్కూల్ టాక్సు మీద హోమ్‌స్టెడ్ మినహాయింపు (సొంతదారే ఉండే ఇంటి విలువలో టాక్సు పడని భాగం) 2023లో లక్ష డాలర్లయింది, 2025 నవంబర్ ఓటింగ్‌లో 1,40,000 అయింది. కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు అప్లై చేయాల్సింది ఇళ్ల విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్ ఆఫీసులో, ఫీజు లేదు. ఇల్లు కొన్న నెలలోనే "మేం ఫైల్ చేసి పెడతాం, ఇంత కట్టండి" అని ప్రభుత్వ ముద్రలా కనబడే ఉత్తరాలొస్తాయి, అవి చింపెయ్. విలువ ఎక్కువ వేశారనిపిస్తే మామూలుగా మే 15 లోపు ప్రొటెస్ట్ వేయాలి. రిప్రజెంటేటివ్‌కి ఫోన్ చేస్తే విలువ తగ్గదు మామా, అది వాళ్ల పని కాదు.

అనుమానం_అప్పారావు:
అన్నీ బాగానే ఉన్నాయిగానీ ఇది మన టాక్సు డబ్బుతో ఫొటోలేసుకోవడం కాదా? నేనొకసారి మా సెనేటర్‌కి స్కూల్ ఫండింగ్ మీద మెయిల్ రాస్తే, వాటర్ క్వాలిటీ మీద తయారుగా ఉన్న జవాబు అతికించి పంపారు.

ఎడిసన్_అక్క:
అప్పారావు గారూ, ప్రచారం లేకుండా ఎలా ఉంటుందండి. అందుకే ఎన్నికలు దగ్గరపడ్డాక ప్రభుత్వ ఖర్చుతో ఇలా గుంపుగా పంపడం మీద చాలా రాష్ట్రాల్లో ఆంక్షలున్నాయి. మెయిల్ విషయానికొస్తే, సంఘాలవాళ్లు ఇచ్చే రెడీమేడ్ మెయిల్ పంపితే ఒక అంకెగా లెక్కేస్తారంతే. మొదటి లైన్లోనే ఊరు, జిప్, బిల్లు నంబరు, కావాలో వద్దో రాసేసి, కింద మీ ఇంట్లో దానివల్ల ఏమవుతుందో నాలుగు ముక్కలు రాయండి. అంతకన్నా లోకల్ ఆఫీసుకి ఫోన్ మేలు. అక్కడ కూర్చునే స్టాఫ్‌కి డిపార్ట్‌మెంట్లలో ఎవరిని కదపాలో తెలుసు.

హెచ్4_అమ్మ:
మా పాప కాలేజీ ఇన్-స్టేట్ ఫీజు (ఆ రాష్ట్రంవాళ్లకిచ్చే తక్కువ ఫీజు) విషయంలో నాకు పనికొచ్చింది అలాంటి ఆఫీసే. హెచ్-4 (హెచ్-1బి వాళ్ల కుటుంబ వీసా) పిల్లలకు ఆ ఫీజు ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్రాన్ని బట్టి, ఒక్కోసారి కాలేజీని బట్టి మారుతుంది. కాలేజీలో ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు. లోకల్ ఆఫీసులో ఒకావిడ వర్తించే రూలు వెతికి ఈమెయిల్‌లో పంపింది, అది చూపించాకే పని జరిగింది. అదే 21 దాటితే స్టేటస్ ఏమవుతుందని అడిగితే మాత్రం అది ఫెడరల్ అని కాంగ్రెస్ మెంబర్ ఆఫీసు నంబరిచ్చింది.

రెడ్‌మండ్_రామబాణం:
ఒక హెచ్చరిక మర్చిపోయాం. ఒకే మనిషి నుంచి రెండు రకాల మెయిల్స్ వస్తాయి. ఆఫీసు నుంచి వచ్చే దాంట్లో డబ్బు అడగరు. ప్రచారం వైపు నుంచి వచ్చే దాంట్లో డొనేట్ బటన్ ఉంటుంది. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) వాళ్లు అది నొక్కొద్దు! ఫెడరల్ చట్టం ప్రకారం స్టేట్, లోకల్ ఎన్నికలకు కూడా మనం చందా ఇవ్వకూడదు, ఐదు డాలర్లయినా సరే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు. జీతం లేకుండా వాలంటీర్‌గా పనిచేయడం ఎవరికైనా ఓకే.

కొత్తిల్లు_పీఏ:
ఇంత ఉందా దీంట్లో! ఇంకో ప్రశ్న. మా కాగితంలో దీపావళి స్టేట్ హాలిడే అని ఒక లైనుంది. పిల్లలకు సెలవేనా?

హారిస్‌బర్గ్_పక్కనే:
కాదండి. 2024లో మన రాష్ట్రం గుర్తింపునిచ్చింది, స్కూళ్లూ ఆఫీసులూ మూయాలని ఆ చట్టంలో లేదు. సెలవు ఇవ్వడం స్కూల్ డిస్ట్రిక్ట్ ఇష్టం, అడగాల్సింది స్కూల్ బోర్డు మీటింగ్‌లో. కాలిఫోర్నియాలో 2025లో సంతకమైన చట్టం కూడా స్కూళ్లకు మూసుకునే వీలిచ్చిందే తప్ప మూయమనలేదు.

కొత్తిల్లు_పీఏ:
థాంక్సండీ. ఆఖరిది: మా వీధి చివర గుంత పడి ఎన్నాళ్లయిందో. అది కూడా వీళ్లకే చెప్పాలా?

హారిస్‌బర్గ్_పక్కనే:
ముందు ఆ రోడ్డు ఎవరిదో చూడండి. సబ్‌డివిజన్ లోపలి వీధి అయితే టౌన్‌షిప్‌ది, అక్కడికే ఫోన్ చేయండి. స్టేట్ రూట్ నంబరున్న రోడ్డయితే పెన్‌డాట్‌ది, అంటే స్టేట్ రవాణా శాఖది. వాళ్లకు కంప్లయింట్ పెట్టి, కదలకపోతే ఆ కంప్లయింట్ నంబరుతో రిప్రజెంటేటివ్ ఆఫీసుకి చెప్పండి. నంబరు లేకుండా వెళితే మళ్లీ మొదటికే పంపిస్తారు.