ప్రజాభిప్రాయ సేకరణ సభకి వెళ్లాలా, బహిష్కరించాలా?

తంపరగట్టు:
అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా తీరప్రాంతం. మా తంపర (వానాకాలంలో నీళ్లు నిలిచే తడి నేల) పక్కన, ఇండస్ట్రియల్ పార్కులో కాదు, బయట పొలాల మధ్యన, బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ఫ్యాక్టరీ ఒకటి వస్తోంది. కంపెనీ పేరు, ఊరి పేరు ఇక్కడ రాయను. వచ్చే నెలలో ప్రజాభిప్రాయ సేకరణ అని పేపర్లో ప్రకటన పడింది. ఊరు రెండు ముక్కలైంది. వెళ్లి నిలదీద్దాం అనేవాళ్లు కొందరు, ఆ టెంటు ఛాయలకే పోవద్దు అనేవాళ్లు కొందరు. నాది రెండో జట్టు. ఎందుకంటే ఈ సభలు ఎలా జరుగుతాయో జిల్లాలో అందరికీ తెలుసు. షామియానా వేస్తారు, మజ్జిగ ప్యాకెట్లు పంచుతారు, ముందు వరసల్లో తెచ్చుకున్న మనుషుల్ని కూర్చోబెట్టి "మా పిల్లలకి ఉద్యోగాలొస్తాయి" అని చెప్పిస్తారు, సాయంత్రానికి సభ ప్రశాంతంగా ముగిసిందని రాసేసుకుంటారు. మనం వెళ్తే ఆ ఫొటోలో మనమూ ఉంటాం, అంతే. రికార్డుల్లో ఆ భూమి ప్రభుత్వ బంజరు. వానాకాలంలో వచ్చి చూడండి, మోకాల్లోతు నీళ్లు, గెడ్డ (వాగు) నీరంతా అందులోకే దిగుతుంది, జాలర్లు చేపలు పట్టుకుంటారు. దాన్ని బంజరు అని రాసిన నివేదిక మీద మేం అభిప్రాయం చెప్పడమేంటి? మీరేమంటారు?

కోర్టుగుమస్తా:
తమ్ముడూ, కోపం అర్థమైంది కానీ రూలు చూడు. 2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం ఈ సభకి కోరం లేదు. ఊరంతా ఇంట్లో కూర్చుని నలుగురే వచ్చినా సభ జరిగినట్టే. అంతకంటే ముఖ్యమైంది ఇంకోటి ఉంది, చాలామందికి తెలియదు. స్థానిక పరిస్థితుల వల్ల జనం స్వేచ్ఛగా మాట్లాడే వీలు లేదని అధికారులు పైకి రిపోర్టు పంపితే, అసలు సభే అక్కర్లేదని అనుమతి ఇచ్చేవాళ్లు నిర్ణయించే వీలు ఆ నోటిఫికేషన్లోనే ఉంది. అంటే కుర్చీలు విసిరి సభని ఆపామని సంబరపడితే, ఆ సభ లేకుండానే ఫైలు కదలొచ్చు. బహిష్కరిస్తే నష్టం కంపెనీకి కాదు.

బీలబిడ్డ:
గుమస్తాగారూ, రూల్సు మీ దగ్గర ఉంచండి. సోంపేట చూశాం మేం. బీల (చిత్తడి) భూముల్లో 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు. 2009లో సభ పెట్టారు, జనం వెళ్లారు, వద్దని మొత్తుకున్నారు. ఏమైంది? పర్యావరణ అనుమతి వచ్చేసింది. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోతే తప్ప ప్లాంటు ఆగలేదు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కాకరాపల్లి. అక్కడా తంపరే, అక్కడా కాల్పులే. సభలో మైకు పట్టుకుని చెప్పిన మాటకి ఎంత విలువ ఉందో మా జిల్లాకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. సోంపేటని ఆపింది రోడ్డు మీద కూర్చున్న జనం.

కోర్టుగుమస్తా:
సగమే చెప్పారు. సరిగ్గా అదే జులై 14న ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీళ్ల సంస్థ సోంపేట అనుమతిని కొట్టేసింది. అక్కడ నడిచిన వాదనంతా ఆ నేల గురించే. తడి నేలని పనికిరాని నేలగా చూపించారు అని. ఆ వాదనకి ఆధారం కాగితాలే, సోంపేట జనం, వాళ్ల తరఫున నిలబడినవాళ్లు ఓపిగ్గా కూడబెట్టిన కాగితాలు. జనం రోడ్డు మీద లేకపోతే ఆ కేసుకి బలం ఉండేది కాదని నేనూ ఒప్పుకుంటా. కానీ కాగితం లేకపోతే కొట్టేయడానికి చట్టంలో దారి ఉండేది కాదు. రెంటిలో ఒకటే చాలని ఎవరన్నా నేను నమ్మను.

పైడిభీమవరంషిఫ్ట్:
నేను ఫార్మాలోనే పని చేస్తున్నా, తిట్టేవాళ్లు తిట్టుకోండి. ఈ సభల్లో మైకు పట్టుకునేవాళ్లలో చాలామంది ఆ ఊరివాళ్లు కాదు. విశాఖ నుంచి కార్లలో వచ్చి గంటసేపు మాట్లాడి వెళ్తారు. ఊళ్లో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కుర్రాడికి మైకు అందదు. వాడిది ప్రజాభిప్రాయం కాదా? మజ్జిగ ప్యాకెట్టు కోసం వచ్చాడని వెక్కిరించడం తేలిక. హైదరాబాదుకో చెన్నైకో వలసపోయి పన్నెండు గంటలు నిలబడే బదులు ఇంటి దగ్గర ఉద్యోగం కావాలనుకోవడం తప్పెలా అవుతుంది?

తంపరగట్టు:
తప్పని ఎవరన్నారు అన్నా? మా తమ్ముడూ అదే అంటున్నాడు, ఇంట్లో రోజూ టెన్షనే. కానీ ఆ తంపర మీద బతికే జాలరి కుటుంబాలకి ఫ్యాక్టరీలో ఏ ఉద్యోగం ఇస్తారు? గేటు దగ్గర సెక్యూరిటీ, లేదంటే కాంట్రాక్టు కూలి. వ్యర్థాలు గెడ్డలో కలిస్తే వాళ్ల వేట పోయినట్టే. నివేదికలో మాత్రం 'జీరో లిక్విడ్ డిశ్చార్జ్', అంటే చుక్క వ్యర్థజలం కూడా బయటికి వదలం అని రాశారట. తుపాను వచ్చినప్పుడు కూడా జీరోనేనా అని అడిగే మనిషి కావాలి.

కోర్టుగుమస్తా:
ఆ ప్రశ్నే రాసి ఇవ్వు మరి! బయటివాళ్ల సంగతి: రూల్లో రెండు దారులు విడివిడిగా ఉన్నాయి. సభలో మాట్లాడటం స్థానికంగా ప్రభావితులయ్యేవాళ్ల కోసం. మిగతావాళ్లు రాతపూర్వకంగా పంపొచ్చు. విశాఖ మేధావి మైకు లాక్కుంటే అది సభ నడిపే కలెక్టరు తప్పు.

కొల్లేటికొంగ:
మీరంతా 'ప్రజలు' అంటే నేల వైపే ఉంటారని అనుకుంటున్నారు. మా వైపు రండి. కొల్లేటిలో 1999లో జీవో 120తో అయిదో కాంటూరు (సముద్రమట్టం నుంచి ఎత్తు చూపే గీత) వరకు, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ (అంతర్జాతీయ తడి నేలల ఒప్పందం) గుర్తింపు వచ్చింది. 2005, 2006ల్లో చేపల చెరువుల గట్లు పేల్చేశారు. అప్పట్నుంచి ఇప్పటిదాకా మా ఊళ్లల్లో ఎవరినైనా అభిప్రాయం అడగండి, మూడో కాంటూరుకి తగ్గించమనే అంటారు. 2008లో శాసనసభ కూడా అదే తీర్మానం చేసింది. జిరాయితీ పట్టా ఉన్న రైతు తన భూమిలో తాను చెరువు తవ్వుకోలేక కూర్చుంటే ఎలా ఉంటుందో కొంగల్ని లెక్కపెట్టేవాళ్లకి తెలియదు. కాబట్టి సభలో ఎక్కువ చేతులు లేస్తే సరిపోతుందా? సరిపోతే కొల్లేరు ఎప్పుడో మూడుకి తగ్గేది. అసలు ఎవరిని అడగాలి? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. ఆ బుడమేరు వచ్చి పడేది కొల్లేట్లోనే. మరి సింగ్‌నగర్లో ఇల్లు మునిగినవాడికి కొల్లేటి గట్ల మీద అభిప్రాయం ఉండకూడదా? ఆ ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

బీలబిడ్డ:
ఇది బాగా అడిగారు. అందుకే నేను సభ అంటేనే నమ్మను. చేతులు లెక్కపెడితే మందీ మార్బలం ఉన్నవాడిదే గెలుపు.

కోర్టుగుమస్తా:
చేతులు లెక్కపెట్టరు. ఇది ఓటింగు కాదు, వందమంది సరే అన్నా ఒక్కడు లేవనెత్తిన అంశంలో బలం ఉంటే కంపెనీ తుది నివేదికలో దానికి జవాబు రాయాల్సిందే. 2009లో ఢిల్లీ హైకోర్టు గోవా గని కేసులో ఇదే చెప్పింది. సభలో వచ్చిన అభ్యంతరాల్ని నిపుణుల కమిటీ పరిశీలించినట్టు కారణాలతో సహా కనపడాలి అని. కొల్లేటికొంగగారి మాటకి కూడా జవాబు ఇందులోనే ఉంది, ఎంతమంది అన్నారు అని కాదు, ఏమన్నారు అని చూడాలి. అలా చూస్తున్నారా అంటే... అది వేరే కథ.

డాలస్‌బాబాయ్:
ఇక్కడ అమెరికాలో తడి నేలని పూడ్చాలంటే ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ దగ్గర 404 పర్మిట్ తీసుకోవాలి. నోటీసు ఆన్‌లైన్‌లో పెడతారు, మామూలుగా 15 నుంచి 30 రోజుల గడువు, ఎవరైనా ఈమెయిల్ పంపొచ్చు, బహిరంగ సభ కావాలని కూడా అడగొచ్చు. టెంట్లు, మజ్జిగ గొడవ లేదు.

బీలబిడ్డ:
బాబాయ్, ఈమెయిల్ అడ్రస్ లేని జాలరి ఏం చేస్తాడు?

డాలస్‌బాబాయ్:
సరే, అది నిజమే. ఇక్కడా అంత గొప్పగా ఏం లేదులే. 2023లో సుప్రీంకోర్టు శాకెట్ కేసు తీర్పుతో చాలా తడి నేలలు ఆ చట్టం పరిధిలోంచే బయటపడ్డాయి. పర్మిటే అక్కర్లేనప్పుడు నోటీసు ఎవరిస్తారు?

ఎఫ్‌టీఎల్‌లోపల:
మా హైదరాబాదులో ఆ సభ కూడా ఉండదండీ. బిల్డింగులకి, టౌన్‌షిప్పులకి ప్రజాభిప్రాయ సేకరణ మినహాయింపు. చెరువు పక్కన టవర్లు లేచాక, ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీరు చేరే హద్దు) ఎక్కడో తేల్చే నోటిఫికేషన్ వస్తుంది, అప్పుడు అభ్యంతరాలు చెప్పమంటారు. మీకు ముందే అడుగుతున్నారు, వాడుకోండి.

తంపరగట్టు:
గుమస్తాగారూ, మీరు చెప్పినవి ఊళ్లో చదివి వినిపించాను. పెద్దాయనొకరు ఒకటే అడిగారు: రాసి ఇచ్చాక కూడా అనుమతి వస్తే? అప్పుడు ఏం మిగిలింది? ఇంకోటి, నివేదిక వెయ్యి పేజీలు ఇంగ్లీషులో ఉందట, మాకు ఎక్కడ దొరుకుతుంది?

కోర్టుగుమస్తా:
పూర్తి నివేదిక, దాంతోపాటు తెలుగు సారాంశం కలెక్టరాఫీసులో, జిల్లా పరిషత్తులో, పరిశ్రమల కేంద్రంలో ఉంచాలి. చూపించకపోతే, చూపించలేదని రాసి ఇవ్వండి, అదే మొదటి అభ్యంతరం. నోటీసుకీ సభకీ మధ్య కనీసం 30 రోజులు ఉన్నాయో లేదో లెక్క చూసుకోండి. 2020లో ఈ నోటిఫికేషన్‌ని మార్చడానికి తెచ్చిన ముసాయిదాలో దీన్ని 20 రోజులకి తగ్గిద్దామని చూశారు, దేశమంతా గోల చేసింది.

అనుమతి వస్తే ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) ఉంది. 30 రోజుల్లో అప్పీలు, సరైన కారణం చూపిస్తే ఇంకో 60. తర్వాత తలుపు మూసేస్తారు. అక్కడ అడిగే మొదటి ప్రశ్న ఏంటో తెలుసా, ఈ విషయం అప్పుడే ఎందుకు చెప్పలేదు అని. బహిష్కరించాం అంటే వినడానికి బాగానే ఉంటుంది.

కాగితంలో 'మా ఊరికి అన్యాయం' అని మూడు పేజీలు రాయకండి. సర్వే నంబర్లు, తారీఖు కనపడేలా వానాకాలం ఫొటోలు, మత్స్యకారుల సొసైటీ రిజిస్టర్లో వేట లెక్కలు, గెడ్డ ఎక్కడ పుట్టి ఎక్కడ సముద్రంలో కలుస్తుందో గీసిన పటం. తేలినీలాపురం కొంగలు, పెలికాన్లు మీ తంపరలో మేతకి దిగుతుంటే ఆ ఫొటోలు కూడా. సభ చివర్లో సారాంశం తెలుగులో చదువుతారు, మీరన్నది అందులో లేకపోతే అక్కడే లేచి అడగండి. కలెక్టరుగారు అదే రోజు సంతకం పెట్టాలి, ఆ తర్వాత మార్చడం కష్టం.

బీలబిడ్డ:
చదివాను. నా మాట మారలేదు, షామియానా కింద కూర్చోను. కానీ కాగితం ఇవ్వొద్దని నేనెప్పుడూ అనలేదే. జాలరి సంఘం వాళ్లు లోపల కాగితాలిస్తారు, మేం బయట రోడ్డు మీద ఉంటాం. మమ్మల్ని బయటివాళ్లు అనకండి మళ్లీ, ఆ గెడ్డ మా ఊరి మీదుగానే వస్తుంది.

పైడిభీమవరంషిఫ్ట్:
రోడ్డు బ్లాక్ చేస్తే ఉద్యోగం కావాలనేవాడు ఎలా వస్తాడు లోపలికి?

బీలబిడ్డ:
దారి వదుల్తాం. వాడూ మావాడే.

తంపరగట్టు:
ఊళ్లో ఇంకా తేలలేదు. ఆడవాళ్ల సంఘం మాత్రం వెళ్తామని చెప్పేసింది, మమ్మల్ని అడగలేదు కూడా. గుమస్తాగారూ, ఒక్క మాట. అభ్యంతరాలు కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసులో ముందే ఇవ్వొచ్చా, సభ రోజే ఇవ్వాలా?

కోర్టుగుమస్తా:
ముందే ఇవ్వండి, సభలో ఇంకో కాపీ ఇవ్వండి. రెండింటి మీదా తారీఖుతో స్టాంపు వేయించుకోండి. స్టాంపు లేదంటే రిజిస్టర్డ్ పోస్టు.