సుఖవ్యాధి వస్తే దాచేది ఆడవాళ్లా, మగవాళ్లా?

కృష్ణలంక కుర్రాడు:
నిన్న మా ఫ్రెండ్స్ మధ్య పెద్ద వాదన. ఆడవాళ్లు సిగ్గుతో దాచుకుంటారు, రోగం ముదిరేది అందుకే, మగాళ్లు తేడా కనపడగానే మందుకోసం పరిగెడతారు అని నా మాట. కాదనేవాళ్లు చెప్పండి.

అరండల్‌పేట కౌంటర్:
పరిగెడతారు తమ్ముడూ, ఎక్కడికి? గుంటూరులో మందుల షాపు నాది. షట్టర్ దించే టైముకు వస్తాడు, పక్కన ఎవరైనా ఉంటే పారాసెటమాల్ కొంటాడు, వాళ్లు వెళ్లాక ఫోన్‌లో మాత్ర పేరు చూపించి రెండే ఇమ్మంటాడు. చీటీ లేకుండా ఇవ్వనంటే పక్క షాపుకు పోతాడు. మంట తగ్గితే రోగం పోయిందనుకుంటాడు. గనేరియాకు ఇప్పటికే చాలా మందులు పనిచేయడం మానేశాయి, ఇలా వాడితే ఉన్నవీ పోతాయి.

ఓపీ సిస్టర్:
సిగ్గు ఉంది, కాదనను. కానీ మగాడికి చీము కారితే, మంట పుడితే వెంటనే తెలుస్తుంది. క్లమీడియా లాంటివి చాలామంది ఆడవాళ్లలో ఏ గుర్తూ చూపించవు, తెలియని జబ్బుకు ఎవరొస్తారు? తెలిసినా, తెల్లబట్టే కదా, వేడి చేసిందని అత్తగారు సబ్జా నీళ్లిచ్చి సరిపెడుతుంది. (తెల్లబట్ట ప్రతిదీ సుఖవ్యాధి కాదు. దుర్వాసన, దురద, పొత్తికడుపు నొప్పి ఉంటే మాత్రం చూపించుకోండి.) ముదిరి గర్భనాళాలు మూసుకుపోతే పిల్లల్లేరన్న మాట కూడా ఆవిడే పడాలి. సిఫిలిస్ అయితే చాలాసార్లు గర్భిణికి చేసే రక్తపరీక్షలో బయటపడుతుంది. ముందు తేలింది ఆవిడకు కాబట్టి తెచ్చింది కూడా ఆవిడేనని ఇంట్లో పంచాయితీ!

కృష్ణలంక కుర్రాడు:
సరే, ఆవిడ మందులు వాడితే అయిపోయింది కదా సిస్టర్, భర్తను లాగడమెందుకు?

ఓపీ సిస్టర్:
ఆయన వాడకపోతే ఆయన దగ్గర్నుంచే మళ్లీ అంటుకుంటుంది. సర్కారు ఆసుపత్రుల్లో సుఖవ్యాధులకు చూసే సురక్ష క్లినిక్‌లలో భాగస్వామికి కూడా వైద్యం చేసేది అందుకే. మందులు ఇంటికి తీసుకెళ్తే "నాకేం రోగం?" అని ఆయన మింగడు. తనకొచ్చినప్పుడు ఇంట్లో చెప్పనే చెప్పడు.

పటమటావిడ:
మగాళ్ల తరఫున ఒక మాట. ఆడవాళ్లకు గైనిక్ ఓపీ చాటు ఉంది, ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. మగాడు సుఖవ్యాధుల బోర్డు ఉన్న గది ముందే కూర్చోవాలి, తెలిసినవాడు చూస్తే అంతే. అయితే పెళ్లికాని అమ్మాయికి ఆ గైనిక్ చాటు కూడా లేదు. "పెళ్లయిందా?" అన్నది మొదటి ప్రశ్న, అదీ పదిమందిలో. మా చుట్టాలమ్మాయి అక్కడికక్కడే లేచి వచ్చేసింది.

అరండల్‌పేట కౌంటర్:
ఆ అమ్మాయి సంగతి నిజమే మేడమ్. మగాళ్ల బోర్డు భయం మాత్రం సాకు. సర్కారు ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేస్తే డబ్బులు కట్ కావు, పేరు చెప్పక్కర్లేదు, ఎక్కడికెళ్లాలో వాళ్లే చెబుతారు. ఆ నంబరు రాసిస్తే కౌంటర్ మీదే వదిలేసి పోయేవాళ్లే ఎక్కువ.