సుబారు ఉన్నోళ్ళు కాస్త చెప్పండి, కొలరాడోలో అందరికీ ఈ పిచ్చేంటి?

డెన్వర్_కొత్తకాపు:
అందరికీ నమస్తే. డల్లాస్ నుంచి డెన్వర్‌కి మూవ్ అయ్యి మూడు వారాలైంది. నిన్న పనీపాటా లేక మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో లెక్కపెట్టా, నలభై కార్లుంటే పదమూడు సుబారులే. డల్లాస్‌లో మన జనం కామ్రీ, హైలాండర్, కాస్త బోనస్ పడితే టెస్లా, అంతే కదా. ఇక్కడ మా మేనేజర్‌ది అవుట్‌బ్యాక్, పక్కింటి టీచరమ్మది క్రాస్‌ట్రెక్, పిల్లల డాక్టర్‌ది ఫారెస్టర్, వెనక సీట్లో కుక్క కంపల్సరీ. అసలు ఈ కంపెనీ కథేంటి, నిజంగా అంత విషయం ఉందా? నా 2016 కామ్రీ శుభ్రంగా ఉంది. మా ఆవిడైతే "మంచు కోసం కారు మార్చడమేంటి, మంచు పడిన రోజు ఇంట్లో ఉంటే పోలా" అంటోంది.

మంచులో_మామయ్య:
తమ్ముడూ, మీ ఆవిడ పాయింట్ కరెక్టే, ఇంట్లో ఉండేటట్టయితే ఏ కారైనా ఒకటే. కానీ డెన్వర్‌లో ఉండి కొండలెక్కకుండా ఉండనివ్వరు, పిల్లలు స్కూల్లో స్కీయింగ్ అని వినొచ్చి ప్రాణం తీస్తారు. నాది ఫారెస్టర్, పదకొండో ఏడు. పోయిన ఫిబ్రవరిలో ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ వైపు వెళ్తుంటే, అది 11 వేల అడుగుల పైన ఉంటుంది, ఇంకాస్త దూరంలో టన్నెల్ అనగా ఎత్తు మీద ట్రాఫిక్ మొత్తం ఆగిపోయింది, కింద తొక్కుడుకి గట్టిపడిన మంచు. మళ్ళీ కదిలేటప్పుడు నా ముందు కారు ముందు చక్రాలు రెండూ గిర్రున తిరుగుతున్నాయి గానీ బండి మాత్రం అడ్డంగా జారుతోంది. పాపం ఆయన దిగి ఫ్లోర్ మ్యాట్లు తెచ్చి చక్రాల కింద పెట్టాడు, ఒకటి ఎగిరొచ్చి నా బానెట్ మీద పడింది. నేను మెల్లగా కాలు ఆనించా, బండి ఒకసారి వణికి, బురదలోంచి ఎద్దు కాలు లాక్కున్నట్టు లాక్కుని కదిలింది. అంతే, పెద్ద సినిమా ఏం లేదు.

లోపల సంగతేంటంటే, చాలా కార్లలో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, పవర్ ముందు చక్రాలకే పోతుంది, ఏడబ్ల్యూడీ, అంటే నాలుగు చక్రాలకీ పవర్ ఇచ్చే ఏర్పాటు, ఉన్నవైతే చాలావరకు ముందువి జారడం మొదలెట్టాక వెనక్కి కాస్త పంపుతాయి. సుబారులో ఇంజిన్ బండి పొడుగునా కూర్చుంటుంది, దాని వెనకాలే గేర్‌బాక్స్, అక్కణ్ణుంచి షాఫ్ట్ తిన్నగా వెనక చక్రాల దాకా పోతుంది. ఎడమా కుడీ యాక్సిళ్ళు ఒకే పొడుగు, అందుకే సిమెట్రికల్ అంటారు. ఆటోమేటిక్‌లో మామూలుగా ముందుకి 60, వెనక్కి 40 వంతున పోతుంది, పట్టుని బట్టి అటూ ఇటూ మారుతుంది. జారాక మేలుకోవడం కాదు, జారకముందే నాలుగూ పనిలో ఉంటాయి.

కామ్రీ_భక్తుడు:
లాగడం సరే, ఆపడం సంగతేంటి? బ్రేకులు ప్రతి కారుకీ నాలుగే. మిన్నియాపోలిస్‌లో తొమ్మిదేళ్ళుగా ముందు చక్రాల కామ్రీ, నవంబర్ వస్తే వింటర్ టైర్లు, ఒక్కసారి ఇరుక్కోలేదు. నాలుగు చక్రాలూ లాగుతున్నాయి కదా అని మంచులో డెబ్భైలో పోయి గుంటలో ముక్కు పెట్టిన బళ్ళు బోలెడు చూశా.

వెర్మాంట్_వదిన:
భక్తుడు గారు, ఒప్పుకుంటున్నా, సిగ్గు విడిచి చెప్తా. మొదటి చలికాలం అవుట్‌బ్యాక్ కొన్న పొగరుతో, అరిగిపోయిన ఆల్ సీజన్ టైర్లతోనే తిరిగా. ఎత్తు ఎక్కేటప్పుడు రాణిలా ఎక్కా, దిగేటప్పుడు స్టాప్ సైన్ దగ్గర బ్రేక్ నొక్కితే బండి నా మాట వినలా, నిదానంగా, చాలా మర్యాదగా వెళ్ళి ఎదురింటాయన మెయిల్‌బాక్స్‌ని పడగొట్టింది. తప్పు నాదే. ఆ పెద్దాయన బయటికొచ్చి మెయిల్‌బాక్స్ వైపు చూడకుండా ముందు నా టైర్ల వైపు చూశాడు, అప్పుడు అర్థమైంది.

ఇంకొకటి కొత్తకాపు గారికి. ఈ బళ్ళకి నాలుగు టైర్లూ ఒకేలా అరగాలి. ఒకసారి మేకు దిగి ఒక టైరు పనికిరాకుండా పోతే మా ఊళ్ళో ఒక షాపువాడు "ఒకటి కొత్తది వేస్తా, చాలు" అన్నాడు, నేనూ తలూపా. ఇంటికొచ్చి గేజ్ పెట్టి చూస్తే పాతవి మూడూ దాదాపు సగం అరిగి ఉన్నాయి, కొత్తది నిండుగా ఉంది. చుట్టుకొలత తేడా ఉంటే చక్రాలు వేరే వేరే స్పీడ్‌లో తిరుగుతాయి, తిన్నటి రోడ్డు మీద కూడా మధ్యలో ఉన్న క్లచ్‌లు ఆ తేడాని మింగుతూనే ఉండాలి, అలా వేడెక్కి దెబ్బతింటాయి. మళ్ళీ వెళ్ళి నాలుగూ మార్పించా, క్రెడిట్ కార్డ్ బిల్ చూసి మా ఆయన రెండు రోజులు మాట్లాడలా. కొత్త టైరుని మిగతావాటి లెవల్‌కి గీకి ఇచ్చే షాపులు కూడా ఉన్నాయి, అది తర్వాత తెలిసింది.

మంచులో_మామయ్య:
చెల్లెమ్మ చెప్పింది బంగారం. కొలరాడోలో రూల్ కూడా ఉంది, ఐ-70 మీద డాట్సెరో నుంచి మోరిసన్ దాకా సెప్టెంబర్ నుంచి మే వరకు ట్రాక్షన్ లా. ఏడబ్ల్యూడీ ఉన్నా సరే టైరు గాడి కనీసం అంగుళంలో పదహారో వంతులు మూడు ఉండాలి.

గుంటూరు_గేర్‌బాక్స్:
కంపెనీ కథ అడిగాడు కదా, టైర్ల గొడవలో ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా, టీ పెట్టుకోండి. వీళ్ళు పుట్టుకతో కార్ల వాళ్ళు కాదు, విమానాల వాళ్ళు. చికుహే నకజిమా అని నేవీ నుంచి బయటికొచ్చిన ఆయన 1917లో జపాన్‌లో గున్మా ప్రాంతం ఒటాలో విమానాలు కట్టడం మొదలెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటి జీరో ఫైటర్ డిజైన్ మిత్సుబిషిదే గానీ తయారైన వాటిల్లో సగం పైన నకజిమా ఫ్యాక్టరీల్లోనే కట్టారు. యుద్ధం ఓడిపోయాక విమానాలు కట్టకూడదన్నారు, మరి అంతమంది ఇంజనీర్లూ ఏం చెయ్యాలి, మిగిలిపోయిన బాంబర్ విమానాల తోక చక్రాలు తీసి స్కూటర్‌కి పెట్టారు. 1946లో అదే ర్యాబిట్ స్కూటర్. తమాషా ఏంటంటే అదే ఏడాది ఇటలీలో ఇంకో విమానాల కంపెనీ పియాజియో వెస్పా తెచ్చింది, మన నాన్నల చేతక్ స్కూటర్‌కి తాత అదే కదా.

తర్వాత ఆ కంపెనీని అమెరికా వాళ్ళు 12 ముక్కలు చేశారు. వాటిల్లో ఐదు ముక్కలు మళ్ళీ కలిసి 1953లో ఫుజి హెవీ ఇండస్ట్రీస్ అయ్యాయి. కారుకి పేరు పెట్టాల్సొచ్చినప్పుడు మొదటి ప్రెసిడెంట్ కెంజి కిటా పెట్టిన పేరు సుబారు. జపాన్ భాషలో అది మన కృత్తికా నక్షత్రం, కలిసి ఉండటం అనే అర్థం కూడా వస్తుంది. లోగోలో ఒక పెద్ద నక్షత్రం, ఐదు చిన్నవి, పెద్దది కలిసిన కంపెనీ, చిన్నవి ఆ ఐదూ. ఆరు కృత్తికలు పాలిస్తే కుమారస్వామికి ఆరు ముఖాలొచ్చాయని మా అమ్మమ్మ కార్తీక మాసంలో చెప్పేది, అందుకని నేనైతే ఆ బ్యాడ్జ్‌ని షణ్ముఖుడి బ్యాడ్జ్ అంటా, నవ్వుకోండి పర్లేదు.

నాలుగు చక్రాల సంగతి ఎక్కడ మొదలైందంటే కరెంటు స్తంభాల దగ్గర. ఉత్తర జపాన్‌లో తోహోకు కరెంటు కంపెనీ వాళ్ళు మంచు కొండల్లో లైన్లు చూసుకోవాలి, జీపుల్లో పోతే చలికి గడ్డకట్టిపోతున్నారు, కారులా వెచ్చగా ఉండి జీపులా ఎక్కేది కావాలని అడిగారు. మియాగి ప్రాంతంలో డీలర్ ఒకాయన తన వర్క్‌షాప్‌లోనే వ్యాన్‌ని అలా మార్చి చూపించాడు. కంపెనీ దాన్ని పట్టుకుని 1972లో లియోన్ ఎస్టేట్ వ్యాన్‌ని ఫోర్ వీల్ డ్రైవ్‌తో అమ్మకానికి పెట్టింది. అంటే స్టయిల్ కోసం పుట్టింది కాదు, లైన్‌మన్ కోసం పుట్టింది. నాకు ఈ కంపెనీలో నచ్చేది ఇదొక్కటే చాలు.

ఓరుగల్లు_టర్బో:
అన్నా మస్తు చెప్పినవ్ గానీ అసలు ముచ్చట ఇడిశిపెట్టినవ్. నాకు సుబారు అంటె నీలం రంగు, పసుపు పచ్చ 555, బంగారు రంగు వీల్స్, ఇగ అంతే. హన్మకొండల నెట్ సెంటర్ల గంటకు ఇరవై రూపాయలిచ్చి ర్యాలీ గేమ్ ఆడుతుండె, సుబారు ఇంప్రెజా తప్ప వేరే బండి ముట్టకపోతుండె. గా 555 సిగరెట్ పేరని చానా ఏండ్లకు తెలిసింది, గప్పటిదాక అదేదో రేస్ నంబర్ అనుకున్న.

1995 వరల్డ్ ర్యాలీ చాంపియన్‌షిప్ సీజన్ గురించి చదువుర్రి. కాలిన్ మెక్‌రే, కార్లోస్ సైంజ్ ఇద్దరు డ్రైవర్లూ ఒకటే సుబారు టీమ్. స్పెయిన్ ర్యాలీల మెక్‌రేను స్లో చెయ్యమన్నరు, సైంజ్ గెలవాలె అని, మెక్‌రే ఇనకుంట ముందుకే పోయిండు, ఆఖరికి బలవంతంగ టైమ్ పెనాల్టీ తీసుకున్నడు. ఇద్దరూ సమానం పాయింట్లతోటి ఆఖరు ర్యాలీకి బ్రిటన్‌కు వచ్చిండ్రు. ఆడ మెక్‌రే 36 సెకండ్ల తేడాతోటి సైంజ్‌ను కొట్టిండు. 27 ఏండ్లకే చాంపియన్, గా రికార్డు 2022ల రోవన్‌పెరా వచ్చేదాక అట్లనే ఉన్నది. సుబారుకు 95, 96, 97 మూడేండ్లు వరుసగ మాన్యుఫాక్చరర్స్ టైటిల్. 2001ల రిచర్డ్ బర్న్స్, 2003ల పెట్టర్ సోల్‌బర్గ్ సుబారులనే డ్రైవర్ చాంపియన్లయిండ్రు. 2008 డిసెంబర్ల ర్యాలీకి దండం పెట్టి బయటికొచ్చిండ్రు, అంతకుముందు ఏడే మెక్‌రే హెలికాప్టర్ కూలి పోయిండు. గిప్పుడు నా దగ్గర సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఉన్నది, మాన్యువల్, నా భార్య దాంట్ల ఎక్కది, ఎక్కినా కండ్లు మూసుకుంటది.

ఆ బాక్సర్ ఇంజిన్ సౌండ్ గురించి కూడ చెప్పాలె. పిస్టన్లు నిలువుగ కాదు, పండుకోబెట్టి ఉంటయ్, ఎదురెదురుగ గుద్దులాడినట్టు కదులుతయ్, అందుకే వైబ్రేషన్ తక్కువ, బరువు కిందికి ఉంటది. పాత టర్బో బండ్లల్ల ఎగ్జాస్ట్ గొట్టాలు ఒక దిక్కు పొడుగు, ఒక దిక్కు పొట్టి, గందుకే గా డుబుడుబు సౌండ్.

కూకట్‌పల్లి_కారుబాబు:
మన దగ్గర సుబారు రాలేదనుకుంటారు గానీ వచ్చింది, వేషం మార్చుకుని. 2000ల మొదట్లో సుబారులో షెవ్రొలె ఓనర్ జనరల్ మోటార్స్‌కి వాటా ఉండేది, అందుకని ఫారెస్టర్‌ని ఇండియాలో షెవ్రొలె ఫారెస్టర్ అని అమ్మారు. మా పెదనాన్న ఒకటి తీసుకున్నాడు. సనత్‌నగర్‌లో మాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి మొదటిసారి తీసుకెళ్తే బానెట్ ఎత్తి, వంగి ఇటు చూసి, అటు చూసి "సార్, ఇంజిన్‌ని పడుకోబెట్టారేంటి" అన్నాడు. ప్లగ్గులు పైన ఉండవు, రెండు పక్కలా లోపలికి ఉంటాయి, చెయ్యి దూర్చి దూర్చి ముంజేయి అంతా గీరుకుపోయింది పాపం. తర్వాత నాలుగేళ్ళు ఆ బండి ఆయన తప్ప ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు, ఆయనకి అదొక హోదా అయిపోయింది.

కామ్రీ_భక్తుడు:
కథలు బావున్నాయి, హెడ్ గాస్కెట్, అదే ఇంజిన్ హెడ్ కింద ఉండే సీల్, అది లీకయ్యే మాట ఒక్కరూ ఎత్తరేం?

మంచులో_మామయ్య:
ఎత్తుతాం, దాచేదేముంది. 90ల చివర నుంచి 2000ల దాకా వచ్చిన ఈజే25 ఇంజిన్‌కి ఆ పేరుంది, పాతది కొనేటప్పుడు ఆయిల్, కూలెంట్ లీక్ ఉందేమో కింద పడుకుని చూడాల్సిందే. వాటికి టైమింగ్ బెల్ట్ కూడా 1,05,000 మైళ్ళకి మార్చాలి. 2011 ఫారెస్టర్ నుంచి ఎఫ్‌బీ ఇంజిన్, బెల్ట్ పోయి చెయిన్ వచ్చింది. ఇక సీవీటీ, అంటే మెట్లు మెట్లుగా గేర్లు మారని ఆటోమేటిక్ గేర్‌బాక్స్, గట్టిగా తొక్కితే మిక్సీలో అల్లం వేసినట్టు ఒకటే మోత. నాకు అలవాటైపోయింది.

వెర్మాంట్_వదిన:
అమెరికాలో ఎందుకింత పాకిందో నేను చెప్తా. మొదట 1968లో మాల్కమ్ బ్రిక్లిన్, హార్వీ లామ్ అని ఇద్దరు సుబారు 360 అనే బుల్లి కారు తెచ్చారు, 356 సీసీ ఇంజిన్. వెయ్యి పౌండ్ల లోపు బరువు కాబట్టి అప్పటి సేఫ్టీ రూల్స్ వర్తించలేదు. రేటు 1,297 డాలర్లు. కన్స్యూమర్ రిపోర్ట్స్ మ్యాగజైన్ వాళ్ళు పరీక్షించి అస్సలు ఒప్పుకోలేం అని రాసేశారు, దాంతో అమ్మకాలు దెబ్బతిన్నాయి. 78లో బ్రాట్ అని చిన్న పికప్ వచ్చింది. అంతకుముందు 1960ల్లో యూరప్ అమెరికా కోళ్ళ మీద పన్నేస్తే, కోపానికి అమెరికా బయటి ట్రక్కుల మీద 25 శాతం పన్నేసింది, ఆ చికెన్ టాక్స్ ఇంకా ఉంది. అది తప్పించుకోడానికి సుబారు వాళ్ళు వెనక ట్రక్కు తొట్లో రెండు ప్లాస్టిక్ సీట్లు వెనక్కి తిప్పి బిగించి "ఇది ట్రక్కు కాదండీ, కారు" అన్నారు! మనవాళ్ళ బుర్రే. ప్రెసిడెంట్ రీగన్ గారి దగ్గర కూడా ఒకటుండేది, తన రాంచ్‌లో.

తర్వాత 90ల్లో అమ్మకాలు పడిపోతే పెద్ద కంపెనీలతో గుద్దుకోకుండా, మన కార్లు ఎవరు కొంటున్నారో చూద్దాం అనుకున్నారు. టీచర్లు, హాస్పిటల్ వాళ్ళు, ఐటీ వాళ్ళు, కొండలెక్కేవాళ్ళు, ఇంకా లెస్బియన్ ఆడవాళ్ళు అని తేలింది. ఆ రోజుల్లో ఆ చివరి వాళ్ళ పేరెత్తడానికి కూడా కంపెనీలు భయపడేవి, వీళ్ళు నేరుగా వాళ్ళకే యాడ్స్ వేశారు, టెన్నిస్ స్టార్ మార్టినా నవ్రతిలోవాని పెట్టి మరీ. మా ఊళ్ళో ఆ తరం ఆడవాళ్ళు ఇప్పటికీ సుబారు తప్ప వేరేది కొనరు. 2008లో ఇక్కడ లక్షా 87 వేల కార్లు అమ్మితే 2016లో ఆరు లక్షలు దాటింది.

డెన్వర్_కొత్తకాపు:
అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలా. అప్‌డేట్: పోయిన శనివారం వాడిన 2019 ఫారెస్టర్ తీసుకున్నా. మామయ్య గారు చెప్పినట్టు డీలర్ ముందే కింద పడుకుని చూశా, అతను ఏదో పడిపోయిందనుకుని టార్చ్ తెచ్చిచ్చాడు. వదిన గారి మాట విని ముందు టైర్ గేజ్ కొన్నా, ఆరు డాలర్లు, నాలుగూ సమానంగానే ఉన్నాయి. గుడికి తీసుకెళ్ళి నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెడితే మా ఆవిడ కారు చుట్టూ ఒక రౌండ్ కొట్టి "నాలుగూ లాగుతాయన్నారుగా, నాలుగూ ఒకేలా నలిగాయా" అని వంగి చెక్ చేసింది. వెనక కుడి పక్కది జారి పక్కకి పోయింది. ఇప్పుడు దానికేమంటారు?

మంచులో_మామయ్య:
నిమ్మకాయకి ట్రెడ్ లేదు తమ్ముడూ.

డెన్వర్_కొత్తకాపు:
😂 ఎవరి దగ్గరైనా ఈ మోడల్‌కి రూఫ్ మీద వేసే క్రాస్ బార్లు పాతవి ఉంటే మెసేజ్ పెట్టండి. స్కీలు కాదు, అమ్మావాళ్ళు వస్తున్నారు, సూట్‌కేసులకి.