యాభై ఏళ్లు దాటిన విదేశీ స్పోర్ట్స్ కారు తెప్పించుకోవడం: మన సరిహద్దు జిల్లాల వాళ్ల అనుభవాలు

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
అందరికీ నమస్కారం. మా అన్నయ్య చాలాకాలంగా ఇంగ్లాండులో ఉంటున్నాడు. అతని దగ్గర 1972 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు తెరుచుకునే రెండు సీట్ల బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఉంది. క్రోమ్ బంపర్లు, వైర్ చక్రాలు, తనే దగ్గరుండి బాగుచేయించుకున్న బండి. వచ్చే ఏడాది ఇక్కడికి తిరిగొచ్చేస్తున్నాడు, దాన్ని అక్కడ అమ్మేయడానికి మనసొప్పడం లేదు. విశాఖ పోర్టులో దింపి, మా గజపతి జిల్లా ఆర్టీఓలో ఓడీ-20 నంబరు వేయించి, ఆదివారాలు టెక్కలి, శ్రీకాకుళం దాకా తిప్పుకోవాలని ఆశ. ఇది కుదిరే పనేనా? ఇలాంటిది చేసినవాళ్లు చెప్పండి.

పెనుగంగ (కిన్వట్)
కుదురుతుంది అన్నా, కానీ మీరు అనుకున్నట్టు కాదు. మా బావ ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు తెప్పించినప్పుడు కాగితాలన్నీ నేనే చూశాను కాబట్టి వివరంగా రాస్తున్నా.

ముందు వయసు సంగతి. మామూలు సెకండ్ హ్యాండ్ కారైతే తయారై మూడేళ్లు దాటకూడదు. పాతకాలపు కార్లకు మినహాయింపు ఉండేది గానీ, 1950కి ముందు తయారైన వాటికే. 2025లో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ దాన్ని మార్చి, యాభై ఏళ్లు నిండిన బండ్లను లైసెన్సు లేకుండా రానిస్తోంది. అంటే తేగలిగే బండ్ల తయారీ సంవత్సరం ఏటా ఒకటి చొప్పున ముందుకు జరుగుతుంది. మీది 1972 కాబట్టి వయసు చిక్కు లేదు.

పోర్టు విషయం జాగ్రత్త. సెకండ్ హ్యాండ్ కార్ల నిబంధనల్లో ముంబై పేరే ఉంది. విశాఖ దగ్గర కదా అని కంటైనర్ బుక్ చేయొద్దు. కస్టమ్స్ క్లియరింగ్ ఏజెంటు చేత మీ కారుకు ఏ పోర్టో రాతపూర్వకంగా చెప్పించుకున్నాకే బుక్ చేయండి. సుంకం, దాని మీద జీఎస్టీ కలిపితే కారు విలువను మించిపోతుంది. ఆ విలువలో ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కూడా కలుస్తాయి. బిల్లు తగ్గించి రాయిద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

మా బావ కారు పోర్టులో ఆగిపోయింది ఇంజిన్ నంబరు దగ్గర. బ్రిటన్ రిజిస్ట్రేషన్ కాగితం వీ5సీలో ఒక నంబరు, ఇంజిన్ బ్లాక్ మీద ఇంకో నంబరు. ఎప్పుడో పాత యజమాని ఇంజిన్ మార్చాడు, కాగితంలో ఎక్కించలేదు. అది తేలేవరకు రోజూ పోర్టు అద్దె పెరుగుతూనే ఉంటే ఇంటిల్లిపాదికీ ఒకటే టెన్షన్. మీ అన్నయ్యను ఇప్పుడే బానెట్ ఎత్తి నంబర్లు సరిచూడమనండి. తేడా ఉంటే అక్కడే సరిచేయించాలి, ఇక్కడికొచ్చాక చేయలేం.

దండకారణ్యం (జయపురం)
మధ్యలో అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. 1990 మాజ్డా ఎంఎక్స్-5 జపాన్‌లో చూశాను. కుడి స్టీరింగే. అది తెచ్చుకోవచ్చా?

పెనుగంగ (కిన్వట్)
కుదరదు తమ్ముడూ. మూడేళ్లు దాటి యాభై ఏళ్లు నిండని బండ్లకు ఈ దారి లేదు. ఆ ఎంఎక్స్-5 2040 దాకా ఆగాల్సిందే. జపాన్ బండే కావాలంటే 1970ల తొలినాళ్ల నిస్సాన్ ఫెయిర్‌లేడీ 240జెడ్ (బయటి దేశాల్లో డాట్సన్ 240జెడ్) చూడు, అక్కడ అమ్మినవి కుడి స్టీరింగే. అమెరికా నుంచి మాత్రం తొందరపడకు. అక్కడి ఎంజీబీలు ఎక్కువగా ఎడమ స్టీరింగువి. మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ ప్రకారం ఎడమ స్టీరింగు బండికి నిర్దేశించిన సిగ్నల్ పరికరం పనిచేస్తూ ఉండాలి.

ప్రాణహిత (సిరొంచ)
రిజిస్ట్రేషన్ గురించి నేను చెప్తా. మా పెదనాన్న కారు విదేశీది కాదు, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్, కానీ వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు ఒకటే. 2021లో కేంద్రం తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి యాభై ఏళ్లు లెక్క. ఫారం 20 (రిజిస్ట్రేషన్ దరఖాస్తు), ఇన్సూరెన్స్, దిగుమతి బండికైతే బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌లో వేసే దిగుమతి పత్రం), ఇక్కడి పాత బండికైతే పాత ఆర్సీ. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000, మళ్లీ చేయించుకుంటే 5,000, గడువు పదేళ్లు. రాష్ట్ర కమిటీ బండి చూసి ఒప్పుకోవాలి. ఛాసిస్ (బండి అడుగు చట్రం), బాడీ షెల్, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. పాతకారులో మారుతి ఇంజిన్ వేసి నడిపేవాళ్లు మన వైపు చాలామందే ఉన్నారు, ఆ బండ్లు ఇందులోకి రావు.

మహేంద్రతనయ గారూ, మీకు ఓడీ-20 నంబరు రాదు. దిగుమతి బండికి రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ వస్తుంది, ఆ పైన రెండక్షరాల సిరీస్, నాలుగంకెలు.

అసలు ఆలోచించుకోవాల్సింది ఆదివారం షికారు గురించి. వింటేజ్ బండిని రోజువారీ అవసరానికి గానీ కిరాయికి గానీ తిప్పకూడదు. ప్రదర్శన, సాంకేతిక పరిశోధన, వింటేజ్ ర్యాలీ, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతు, వీటికే రోడ్డెక్కాలి. టెక్కలిలో టిఫిన్ తిని రావడం ఆ జాబితాలో లేదు. ఇది ముందే మీ అన్నయ్యకు చెప్పండి. అంత డబ్బు పోసి షెడ్డులో పెట్టుకునే బండి అని తెలిసీ తెస్తానంటే, ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది. తెలియక తెస్తే మాత్రం చాలా బాధపడతారు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
ఇది నిజంగా తెలియదండీ. విశాఖలో ర్యాలీ పెడితే వెళ్లొచ్చు కదా?

ప్రాణహిత (సిరొంచ)
వెళ్లొచ్చు. ఆహ్వానం, ఎంట్రీ కాగితం కారులో పెట్టుకోండి. మనకు రాష్ట్రం దాటడమంటే వీధి దాటినట్టే గానీ చెక్‌పోస్టు దగ్గర అలా ఉండదు. ఇంకోటి, బండిని ఆంధ్రలో చుట్టాలింట్లో ఏడాదికి పైగా ఉంచితే అక్కడ రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి. ఎక్కడ ఉంచుతారో ముందే తేల్చుకుని ఆ రాష్ట్రంలోనే దరఖాస్తు పెట్టండి.

రెండు కార్బ్యురేటర్లు (బరంపురం)
నాకు గ్యారేజీ ఉంది, పాత బండ్లంటే ప్రాణం. కాగితాలు వాళ్లు చెప్పారు, నేను ఇనుము గురించి చెప్తాను.

ఎంజీబీకి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే అన్ని బరువులూ మోస్తుంది. తలుపుల కింద ఉండే సిల్స్ దానికి వెన్నెముక. ఇంగ్లాండులో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు సిల్స్ లోపల చేరి తినేస్తుంది. పైన పెయింటు అద్దంలా మెరుస్తున్నా లోపల పొడి రాలుతుంటుంది. ఇక్కడ మన గోపాల్‌పూర్ సముద్రపు గాలి తగిలితే మిగిలింది కూడా పోతుంది. అందుకే సిల్స్ లోపల మైనం పూత అక్కడే వేయించి పంపమనండి.

తర్వాత పెట్రోలు. ఆ 1798 సీసీ ఇంజిన్ సీసం కలిపిన పెట్రోలు రోజుల్లోది. ఆ సీసం ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు (వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే అంచులు) అరగకుండా కాపాడేది. మన దేశంలో 2000లోనే అది ఆగిపోయింది. గట్టి వాల్వ్ సీట్లు వేసిన ఇంజిన్ హెడ్డో కాదో అడగండి. ఇప్పుడు బంకుల్లో ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్ పాత రబ్బరు పైపుల్ని, ఎస్‌యూ కార్బ్యురేటర్ల సీళ్లను మెత్తబరుస్తుంది, గాలిలో తేమను లాక్కుంటుంది. బండి నెలల తరబడి నిలబడితే నీళ్లు అడుక్కి చేరి ట్యాంకు తుప్పు పడుతుంది. మీ బండి ఎక్కువగా నిలబడేదే కాబట్టి ఇథనాల్ తట్టుకునే పైపులు, సీళ్లు అన్నీ మార్చాకే ఇక్కడి పెట్రోలు పోయండి. పైపు చీలి వేడి ఎగ్జాస్ట్ మీద పెట్రోలు కారితే కారే తగలబడుతుంది. ఇందులో డబ్బు మిగుల్చుకోవద్దు.

పెనుగంగ గారూ, మీ బావగారి స్పిట్‌ఫైర్‌కు ఒక సౌకర్యం ఉంది. అది హెరాల్డ్ ఛాసిస్ నుంచి పుట్టిన బండే. ముందు సస్పెన్షన్ భాగాలు కొన్ని మన మద్రాసు హెరాల్డ్‌వి సరిపోతాయి. ప్రాణహిత గారి పెదనాన్నను పట్టుకోండి.

పెనుగంగ (కిన్వట్)
ఇంత మంచి మాట ఎవరూ చెప్పలేదు. ప్రాణహిత అన్నా, మెసేజ్ పెడుతున్నా.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
రాత్రి అన్నయ్యతో మాట్లాడాను. తిప్పుకోవడానికి కుదరకపోయినా తెస్తానన్నాడు. తయారీ తేదీ, ఇంజిన్ నంబరుకు రుజువుగా బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఇచ్చే హెరిటేజ్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెడతాడట. గ్యారేజీ అన్నా, స్పేర్లు డిక్కీలో నింపి పంపమంటారా?

రెండు కార్బ్యురేటర్లు (బరంపురం)
లెక్కలో చూపకుండా ఒక్క బోల్టు కూడా పెట్టొద్దండి. ప్రతి వస్తువూ ప్యాకింగ్ లిస్టులో ఉండాలి, లేకపోతే దాని దగ్గర కారంతా ఆగుతుంది. హెడ్ గ్యాస్కెట్, వాటర్ పంపు, కార్బ్యురేటర్ల రిపేరు కిట్లు, బ్రేక్ సీళ్లు రాసి పంపించమనండి. సిల్స్ ఫోటోలు, కార్పెట్లు ఎత్తి లోపలి నుంచి తీసినవి, ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.