అప్‌డేట్: జలపాతం హోరును వదిలి గాజుల చప్పుడు పట్టుకున్నాను

కళాశాల ప్రదర్శన కోసం మొదటిసారి శబ్దకళ (రికార్డు చేసిన చప్పుళ్లతో కూర్చే కళ) చేస్తున్నాను, ఫోనులో రికార్డు చేసిన కపిలతీర్థం జలపాతం ఒట్టి గరగరలా వస్తోంది, ఏం చేయాలని పోయిన నెల అడిగింది నేనే. "జలపాతాన్ని వదిలేయండి, ఒక్క ధారను పట్టుకోండి" అన్నవారికి చేతులెత్తి నమస్కారం.

వేల చుక్కలు ఒకేసారి పడితే అన్ని పౌనఃపున్యాలూ కలిసిపోయి హోరే మిగులుతుంది. అందుకే రాతి అంచు నుంచి జారే సన్నటి ధారకు జానెడు దూరంలో ఫోను పెట్టాను. టుప్, టుప్! నీటిలో చిక్కుకున్న గాలి బుడగ కంపించడం వల్ల వచ్చే చప్పుడది. ఎంత స్పష్టంగా వచ్చిందో!

అసలు సంపద మాత్రం అలిపిరి మెట్ల మీద దొరికింది. ఒక పెద్దావిడ మెట్టు మెట్టుకూ వంగి పసుపు రాసి, కుంకుమ అద్దుతున్నారు. వేలు రాతిని రుద్దే సరసర, వెంటనే గాజులు రాతికి తగిలే గలగల. రికార్డు చేసుకోవచ్చా అని అడిగితే, "నా చేతి చప్పుడులో ఏముంది నాయనా, తీసుకో" అన్నారు.

1948లో పారిస్‌లో ఫ్రెంచి స్వరకర్త పియెర్ షెఫర్ రైలు చప్పుళ్లతోనే సంగీతం కూర్చారు. ఆ ధైర్యంతోనే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో గాజుల చప్పుడును ముక్కలు చేసి, ధార చప్పుడు కింద పేర్చాను. నాలుగు నిమిషాలు వచ్చింది. శనివారం ప్రదర్శన. ఆవిడకు వినిపించాలని ఎంతో ఉంది, పేరైనా అడగలేదు.