ఉద్దానం మూత్రపిండాల వ్యాధి జాతీయ ప్రాధాన్యాల్లోకి చేరేదెలా?

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. కొబ్బరితోటలకు పేరుపడిన మా ఉద్దానంలో మధుమేహం గానీ అధిక రక్తపోటు గానీ లేనివారికి కూడా మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి; నీరో, ఎండలో పనో, మరొకటో, కారణం ఇంకా తేలలేదు. శ్రీలంక వరిరైతుల్లోనూ, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లోనూ ఇటువంటి వ్యాధే ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అసాంక్రమిక (ఒకరి నుంచి మరొకరికి అంటని) వ్యాధుల కార్యాచరణ చాలాకాలం గుండెజబ్బులు, క్యాన్సర్, దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధులు, మధుమేహం చుట్టూనే సాగింది. మూత్రపిండాల ఆరోగ్యంపై ఆ సంస్థ సభ్యదేశాల వేదికైన ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానం చేసింది 2025 మే నెలలోనే. 2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం మేలు చేసిందనడంలో సందేహం లేదు, కానీ డయాలసిస్ వ్యాధి ముదిరాక చేసే చికిత్స మాత్రమే కదా!

ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ దేశ సహకార వ్యూహాన్ని (ఆ సంస్థ మన దేశంలో కొన్నేళ్లపాటు వేటిపై పనిచేయాలో చెప్పే ప్రణాళికను) రూపొందించేటప్పుడు, ఒక ప్రాంతానికే పరిమితమైన వ్యాధిని ఏ దశలో, ఎవరి ద్వారా ప్రతిపాదించాలి? మా యువజన సంఘం వినతిపత్రం సిద్ధం చేస్తోంది. దానికి ఇంటింటి క్రియాటినిన్ పరీక్షల (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్షల) వివరాలు జతచేస్తే చాలునా, బోరునీటి పరీక్షల ఫలితాలు కూడా కావాలా? ఇటువంటి పనిలో అనుభవమున్న పెద్దలు దయచేసి తెలియజేయగలరు.